శవం ఎవరిది?

హిందూపురంలో పాత కాగితాలు తూకానికి కొనే అంగళ్లు కొన్ని ఉన్నాయి. బెంగుళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు గదులు మారినప్పుడల్లా వదిలేసే పుస్తకాలు తిరిగి తిరిగి ఈ అంగళ్లకు చేరతాయి. కంప్యూటరు గైడ్లూ, పోటీ పరీక్షల ప్రశ్నపత్రాలూ, వాటి నడుమ ఎవరూ ఊహించని సరుకూ. పోయిన నెల అలాంటి గుట్టలో ఇటుకరాయంత మందం పుస్తకం ఒకటి దొరికింది. ముప్ఫై రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. పేరు 'ది టూమ్ ఆఫ్ డ్రాకులా'. అమెరికాలో మార్వెల్ కంపెనీ 1972 నుంచి 1979 దాకా డెబ్బై సంచికలుగా వేసిన రక్తపిశాచి బొమ్మల కథ అది. నాకు దొరికింది మొదటి ఇరవై అయిదు సంచికలను కలిపి 2003లో నలుపు తెలుపుల్లో అచ్చువేసిన సంపుటం.

అభ్యుదయ పత్రికలో రక్తపిశాచి మీద వ్యాసమేమిటని మిత్రులు నొసలు చిట్లిస్తారని నాకు తెలుసు. రెండేళ్ల కిందటైతే నేనే చిట్లించేవాణ్ణి. చిట్లించాను కూడా. ఆ సంగతి చెప్పకుండా ఈ పుస్తకం గురించి మాట్లాడడం నిజాయితీ కాదు.

ధర్మవరంలో జరిగిన ఒక కథా పఠన సమావేశంలో నేత కుటుంబం నుంచి వచ్చిన కుర్రాడు ఒక కథ చదివాడు. ప్రతి వారం పూర్తయిన చీరను భుజాన వేసుకుని షావుకారు అంగడికి పోయే నేతగాడు. ఒక రాత్రి ఆ చీర మూట బరువెక్కుతుంది. మూటలోంచి శవం మాట్లాడుతుంది. నీ పేరేమని నేతగాడు అడిగితే, "నన్ను మోసినవాడి పేరు అందరికీ తెలుసు, నా పేరు ఎవడూ అడగలేదు" అంటుంది శవం. ఇంతవరకు విని మేమంతా కుర్చీల్లో కదిలాం. చర్చలో ఒకరి తర్వాత ఒకరం లేచి అది క్షుద్ర సాహిత్యమని తేల్చేశాం. మగ్గం కూలి గురించి రాయాల్సిన చోట దయ్యాన్ని తేవడం సమస్య నుంచి పారిపోవడమని నేనన్నాను. నా మాటలే అందరికన్నా గట్టిగా పడ్డాయని తర్వాత ఒక మిత్రుడు చెప్పాడు. కుర్రాడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే సార్" అన్నాడు. మళ్లీ సమావేశానికి రాలేదు.

మేమలా అనడానికి చరిత్ర లేకపోలేదు. 1980ల మొదట్లో యండమూరి 'తులసిదళం'తో మొదలై చేతబడులూ బాణామతులూ వారపత్రికల సర్క్యులేషన్‌కు ఎరువైన రోజుల్లో, ఆ ధోరణిని క్షుద్ర సాహిత్యమని పేరుపెట్టి ఎదుర్కొన్నవాళ్లు అభ్యుదయ, విప్లవ రచయితలే. చేతబడి చేశారనే నెపంతో మనుషులను కొట్టి చంపే దేశంలో ఆ పోరాటం సరైనదే, ఇవాళ్టికీ సరైనదే. అయితే ఏ పేరైనా ఎక్కువకాలం చేతిలో ఉంటే ముద్ర అయిపోతుంది. పిశాచం కనిపించిన ప్రతి కాగితం మీదా ఆ ముద్ర గుద్దడం మాకు అలవాటైంది. పిశాచాన్ని పాఠకుడి భయానికి అమ్ముతున్నారా, లేక పిశాచం నోట పాఠకుడికి తెలిసిన నిజాన్నే చెప్పిస్తున్నారా అని అడగడం మానేశాం. పెట్టుబడిని రక్తపిశాచితో పోల్చినవాడు మార్క్స్. 'పెట్టుబడి' మొదటి సంపుటంలో పనిదినం గురించి రాసిన అధ్యాయంలోనే ఆ పోలిక ఉంది. ఆ రోజు మా సమావేశంలో ఆయన ఆ వాక్యం చదివి ఉంటే ఏమనేవాళ్లమో!

ఇక పుస్తకం సంగతి. అమెరికాలో బొమ్మల కథల ప్రచురణకర్తలు 1954లో తమకు తాము ఒక నియమావళి పెట్టుకున్నారు. దాని ప్రకారం రక్తపిశాచులు నిషిద్ధం. 1971లో దాన్ని సడలించి, పాత సాహిత్యంలో ఉన్న డ్రాకులా వంటి వాటిని వేసుకోవచ్చునన్నారు. మరుసటి ఏడే డ్రాకులా పేరుతో ఈ పత్రిక వచ్చింది. గేటు తెరిచీ తెరవకముందే సరుకు బండి లోపలికి రావడం మార్కెట్టుకు కొత్త కాదు. మొదటి ఆరు సంచికలు ముగ్గురు రచయితల చేతులు మారి, ఏడో సంచిక నుంచి మార్వ్ వుల్ఫ్‌మన్ చేతికి వచ్చింది. బొమ్మలు మాత్రం డెబ్బై సంచికలకూ జీన్ కోలన్ ఒక్కడే గీశాడు. నీడలు గీయడంలో అతనికి సాటివాళ్లు తక్కువ. రంగులు లేని ఈ చవక ముద్రణలో ఆ పొగమంచూ, ఆ వీధి దీపాలూ నిజానికి ఇంకా బాగున్నాయేమోనని కూడా అనిపించింది.

కథ బ్రామ్ స్టోకర్ 1897 నవలకు కొనసాగింపు. పాత నవలలో డ్రాకులాను వేటాడిన హార్కర్ కొడుకు ఇప్పుడు చక్రాల కుర్చీలో కూర్చున్న ముసలివాడు; వాన్ హెల్సింగ్ వంశపు అమ్మాయి రేచెల్; డ్రాకులా వంశంలోనే పుట్టిన ఫ్రాంక్ డ్రేక్. డ్రాకులా కోటలున్న జమీందారు. ఊరి జనం నెత్తురు తాగి బతికే భూస్వామి లండన్‌లో ఆస్తులు కొనడానికి రావడమే స్టోకర్ కథ. దాన్ని గుత్త పెట్టుబడి కథగా చదివి ఫ్రాంకో మొరెట్టి అనే ఇటలీ విమర్శకుడు 1980లలోనే రాశాడు. ఆ చర్చను ఇక్కడ పెంచను. నన్ను పట్టుకున్నది పదో సంచిక.

1973 జూలై నాటి ఆ సంచికలో బ్లేడ్ అనేవాడు వస్తాడు. నల్లవాడు. తోలు కోటు, ఛాతీకి అడ్డంగా పట్టా, దానినిండా కర్ర కత్తులు. పురిటినొప్పులు పడుతున్న అతని తల్లిని వైద్యుడి వేషంలో వచ్చిన పిశాచం కరిచి చంపింది. ఆ కాటు మూలంగా బిడ్డకు పిశాచాల విషం ఎక్కకుండా పోయింది. అంతే అతనికున్న ప్రత్యేకత. మిగతాదంతా మామూలు మనిషి. కండబలం, నేర్చుకున్న విద్య, కోపం. హార్కర్ బృందంతో అతనికి పడదు. తరతరాలుగా డ్రాకులాను వేటాడడం వాళ్లకు కుల విద్య లాంటిది, ఒక రకమైన వారసత్వ గౌరవం. వీడికి అది తల్లి చావు. ఒకే శత్రువుతో పోరాడుతున్న రెండు వర్గాల మనుషుల మధ్య ఉండే ఎడం ఇక్కడ, పిల్లల బొమ్మల కథలో, అనుకోకుండా బయటపడింది. వుల్ఫ్‌మన్ దాన్ని తెలిసే రాశాడా అంటే, నాకు అనుమానమే. కానీ అది ఉంది.

పాఠకులకు బ్లేడ్ నచ్చాడు. 1974లోనే ఇంకో పత్రికలో అతని పేరిట విడి కథలు వచ్చాయి. 1975లో ఒక సంచిక ముఖ్యంగా అతనిదే. 1994లో సొంత పత్రిక. 1998లో వెస్లీ స్నైప్స్ నటించిన సినిమా. ఉపపాత్ర కథానాయకుడయ్యాడు. పేరు డ్రాకులాది కాదు, అతనిదే. మనవాళ్లు దీన్ని చూస్తే, అణగారినవాడు కథ మధ్యలోకి వచ్చాడని సంతోషిస్తారు. నేనూ మొదట అలాగే సంతోషించాను. 1971లో 'షాఫ్ట్', 1972లో 'బ్లాక్యులా' వంటి సినిమాలు వచ్చిన కాలం అది. నల్లజాతి ఉద్యమాలు వీధుల్లో సాధించిన ఆత్మగౌరవానికి మార్కెట్టు ధర కట్టిన కాలం. ఉద్యమం లేకపోతే బ్లేడ్ లేడు, మార్కెట్టు లేకపోతే బ్లేడ్ అచ్చులో లేడు. రెండూ నిజమే. ఒక్కటే చెప్పి ఊరుకోవడం విమర్శ కాదు.

కానీ మధ్యలోకి వచ్చాక ఏమైందో చూడాలి. 1973లో అతను పిశాచాల కాటు ఎక్కని మామూలు మనిషి. సినిమాలో సగం పిశాచి. పిశాచాల బలమూ అతనిదే, నెత్తురు దాహమూ అతనిదే. హార్కర్ బృందం లేదు, ఆ గొడవలు లేవు, 'మీకిది వంశ మర్యాద, నాకు మా అమ్మ' అనే ఎడం లేదు. పక్కన ఉన్నప్పుడు అతనికి ఇతరులతో ఉన్న సంబంధమే అతని అర్థం. మధ్యలోకి రాగానే చుట్టూ ఉన్నవాళ్లు నేపథ్యమైపోయారు. శత్రువు బలాన్నే ఒంట్లో నింపుకున్న ఒంటరి వీరుడు మిగిలాడు. పాత్రకు పెద్దపీట వేశారు. పాత్రను పాత్రగా చేసిన సమాజాన్ని పీట కిందికి తోశారు.

ఇంకొక సంగతి. బ్లేడ్‌ను పుట్టించినవాడు వుల్ఫ్‌మన్. తాను జీతగాణ్ణి కాదనీ, ఆ పాత్ర మీద హక్కు తనదేననీ కోర్టుకెక్కాడు. 2000లో తీర్పు కంపెనీ పక్షాన వచ్చింది. నేసినవాడొకడు, బ్రాండు ఇంకొకడిది. ధర్మవరంలో ఈ మాట ఎవరికీ వివరించాల్సిన పని లేదు.

ఇదంతా ఒక ఎత్తు. ఆ సంపుటంలో నన్ను నిద్రపోనివ్వనివాడు ఇంకొకడున్నాడు. అతను మూడో సంచికలోనే, బ్లేడ్ కన్నా ముందే వచ్చాడు. పేరు తాజ్ నితల్. భారతీయుడు. రేచెల్ వెంట ఉంటాడు, బరువులు మోస్తాడు, తలుపులు పగలగొడతాడు, ఆమెకు అడ్డం నిలబడి దెబ్బలు తింటాడు. మాట్లాడడు. డ్రాకులా అతని గొంతును పాడుచేశాడు. అతని కొడుకు పిశాచం కాటుకు బలై తానూ పిశాచమయ్యాడని తర్వాతి సంచికల్లో తెలుస్తుందట; ఆ సంపుటాలు నాకు దొరకలేదు, చదివిన కుర్రాళ్ల నోట విన్నాను. చివరికి అతను కథలోంచి తప్పుకుని ఇండియాకు తిరిగి వెళతాడు. అతనికి సొంత పత్రిక లేదు, సినిమా లేదు. బొమ్మల కథలో పాత్ర నోటి దగ్గర ఒక తెల్లటి బుడగ గీసి అందులో మాటలు రాస్తారు. ఇన్ని వందల పుటల్లో ఆ మనిషి నోటి దగ్గర ఆ బుడగ లేదు. వలస పాలకుల సాహిత్యంలో మన మనిషి ఎక్కడ ఉంటాడో, ఎలా ఉంటాడో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద పరిశోధన అక్కర్లేదు. బ్లేడ్ వెనుక అతని దేశంలోనే ఒక ఉద్యమం ఉంది, ఆ పత్రిక కొనే పాఠకులున్నారు. తాజ్ వెనుక ఎవరూ లేరు. ఉపపాత్రల్లో కూడా ఎవరిని మధ్యలోకి పిలవాలో నిర్ణయించే చేతులు వేరే ఉన్నాయి.

ఈ పుస్తకాన్ని సంచిలో వేసుకుని ధర్మవరం పోయే రైలెక్కాను. పెనుకొండ కొండ కిటికీలో కనిపించినప్పుడు విరుపణ్ణ గుర్తొచ్చాడు. లేపాక్షికి వెళ్లినవాళ్లకు ఆ కథ తెలుసు. గుడి కట్టించింది అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల ప్రాంతంలో. పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరుపణ్ణ రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడనీ, కళ్లు పీకించమని రాజు ఆజ్ఞ ఇస్తే తానే కళ్లు పెరికి గోడకు విసిరాడనీ జనం చెప్పుకుంటారు. గోడ మీద ఎర్రటి మరకలు రెండు చూపిస్తారు. అసంపూర్తిగా నిలిచిపోయిన కల్యాణ మంటపమూ చూపిస్తారు. రాజుది కాదు, ఉద్యోగిది ఆ కథ. ఐదు వందల ఏళ్లుగా ఈ ప్రాంతపు జనం రాజును పక్కకు నెట్టి ఒక ఉపపాత్రను మధ్యలో నిలబెట్టుకున్నారు. మెచ్చుకోవలసిందే. అయినా మధ్యలోకి వచ్చినవాడు కోశాధికారి. మంటపం ఆగిపోయిన రోజున కూలి ఆగిపోయిన రాతిపనివాళ్ల మరక ఏ గోడ మీదా లేదు.

ఇప్పుడు మన బేతాళుడి దగ్గరికి రావచ్చు. 'చందమామ' ఆగిపోయి పదేళ్లు దాటినా, బేతాళ కథలు చదవకుండా పెరిగిన నా తరం తెలుగువాళ్లు అరుదు. పెనుకొండ బడిలో చదువుకునే రోజుల్లో ప్రతి నెలా నేను మొదట తిప్పిన పుట అదే. శంకర్ గీసిన ఆ బొమ్మ, కత్తి దూసిన రాజు, భుజాన శవం, చుట్టూ శ్మశానం, ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. ఈ కథల మూలం సంస్కృతంలో ఇరవై అయిదు. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు 'కథాసరిత్సాగరం'లో చేర్చాడు. 1870లో బర్టన్ దీన్ని ఇంగ్లీషు చేసినప్పుడు బేతాళుణ్ణి రక్తపిశాచిగానే పిలిచాడు, పుస్తకం పేరులోనే ఆ మాట ఉంది. చందమామలో ఆ ఇరవై అయిదూ అయిపోయాక కథ ఆగలేదు, కొత్తవి పుట్టించారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రికను నడిపించిన చేయి కొడవటిగంటి కుటుంబరావుది. విప్లవ రచయితల సంఘం వ్యవస్థాపకుల్లో ఒకడైన మనిషి, హేతువాది, నెలనెలా శవం చేత మాట్లాడించాడు. మేం ధర్మవరంలో గుద్దిన ముద్ర ఆయనకూ గుద్దుతామా?

బేతాళ కథలో కథానాయకుడు పేరుకు విక్రమార్కుడు. మాట్లాడేది బేతాళుడు. నెలనెలా కథ చెప్పేదీ, ప్రశ్న అడిగేదీ, సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బెదిరించేదీ అతనే. రాజు చేసేది మోయడం, జవాబు చెప్పడం. రాజ్యాధికారాన్ని మోతగాణ్ణి చేసి ప్రశ్నించే హక్కును పిశాచానికిచ్చిన ఏర్పాటు ఇది. కుటుంబరావు వంటి రచయితకు ఈ పాత చట్రం ఎందుకు నచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అయితే జవాబు ఎప్పుడూ రాజుదే, న్యాయం ఎప్పుడూ రాజు నోటే. ఆ హద్దును ఆ చట్రం దాటలేదు. ఇది కూడా చెప్పాలి.

ఈ ఇద్దరి నడుమ మూడోవాడు ఒకడున్నాడు. శవం. బేతాళుడు ఆవహించిన శవం, రాజు మోస్తున్న శవం. అది ఎవరిది? చందమామలో చెప్పలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు. హిందీ బైతాల్ పచ్చీసీ సంప్రదాయంలో, దాన్నే పట్టుకున్న బర్టన్ పుస్తకంలో జవాబుంది. ఒకే ఊళ్లో ఒకే ఘడియలో ముగ్గురు పుట్టారు. ఒకడు రాజు ఇంట, ఒకడు నూనె గానుగవాడి ఇంట, ఒకడు కుమ్మరి ఇంట. కుమ్మరి కొడుకు యోగి అయి గానుగవాడి కొడుకును చంపి చెట్టుకు వేలాడదీశాడు, ఇక రాజును బలివ్వాలని చూస్తున్నాడు. రాజు భుజాన ఇన్ని రాత్రులు ఊగింది గానుగ తిప్పేవాడి కొడుకు. కథకు అతను కావాలి, అతని బరువు కావాలి, పేరు అక్కర్లేదు. గొంతు తెగిన తాజ్ నితల్ లాగానే.

ఇది చదివాక ఆ ధర్మవరం కుర్రాడి కథ గుర్తురాకుండా ఎలా ఉంటుంది? బర్టన్‌ను అతను చదివి ఉండడు. చీర మూట మోసి అలసిన భుజంతో ఆలోచించి, పండితులు పట్టించుకోని ప్రశ్న దగ్గరికి తనంతట తాను చేరాడు. నన్ను మోసినవాడి పేరు అందరికీ తెలుసు, నా పేరు ఎవడూ అడగలేదు. అది పారిపోవడమని అన్నవాణ్ణి నేను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కథంతా బాగుందని మాత్రం ఇప్పుడూ అనను. రెండో సగంలో శవం లేచి నిలబడుతుంది. దానికి కోరలు వస్తాయి. షావుకారు ఇంటి మీద పడి అప్పు పుస్తకం చించి, అతని నెత్తురు తాగి, తెల్లవారేసరికి నేతపేటలో దేవుడిలా వెలుగుతుంది. ఇక్కడ కుర్రాడు బ్లేడ్ సినిమా తీశాడు. మొదటి సగంలో శవానికీ, మోసేవాడికీ, షావుకారుకూ, ఇంట్లో ఆసు పోసే భార్యకూ మధ్య ఉన్న లెక్కలన్నీ ఎంతో శ్రద్ధగా వేశాడు. ముడిపట్టు ధర, ఇచ్చిన అడ్వాన్సు, చీర మీద పడ్డ మరకకు కోసుకున్న కూలి. రెండో సగంలో ఆ లెక్కలన్నీ ఎగిరిపోయి ఒక్క కోర మిగిలింది. షావుకారు చచ్చాడు సరే, మర్నాడు ముడిపట్టు ఎవడిస్తాడు? నేతగాళ్ల ఆత్మహత్యల వార్తలు చదువుతూ పెరిగిన కుర్రాడికి పగ ఉండడం సహజం. ఆ పగను కథ భరించలేదని ఆ రోజు నేను చెప్పి ఉండవలసింది. దయ్యం వద్దనడం కాదు.

ఉపపాత్ర వైపు నుంచి కథ చెప్పడం ఈనాడు తెలుగులో బలమైన దారి. ఓల్గా 'విముక్త'కు 2015లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చాక పురాణాల్లోని పక్కపాత్రలను తెచ్చి కథలు రాసే యువ రచయితలు పెరిగారు. 'విముక్త'లో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ ఎవరికి వాళ్లు సింహాసనం ఎక్కరు. వాళ్ల దగ్గరికి సీత వస్తుంది, వాళ్లు మాట్లాడుకుంటారు. ఆ మాటల్లో సంబంధాలు మారతాయి. అనుకరించేవాళ్లు చాలామంది పేరు మార్చి పీఠం మాత్రం అలాగే ఉంచుతున్నారు. రాముడి చోట రావణుడు, రావణుడి చోట ఇంకొకడు. కథానాయకుడి కుర్చీని ప్రశ్నించకుండా అందులో కూర్చునేవాణ్ణి మార్చడం వాళ్లకు చాలినట్లుంది.

ధర్మవరం మండలంలోనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ ఆటలో రాముడూ రావణుడూ రాత్రంతా పద్యాలు పాడుతుంటే మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా దూరతారు. వాళ్లు ఏ రామాయణంలోనూ లేరు. దూరి ఊళ్లో బియ్యం ధర గురించీ, కరణం గురించీ, నిన్న జరిగిన పంచాయితీ గురించీ మాట్లాడి పోతారు. బంగారక్క మీద వేసే మోటు హాస్యంలో ఆడవాళ్లను చులకన చేసేది చాలా ఉంది, దాన్ని మన జానపదమని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కానీ జుట్టుపోలిగాడు ఎప్పుడూ సింహాసనం అడగడు. అతను తెర మీదికి రాగానే రాముడి కథ కాసేపు ఆగిపోతుంది, తెల్లవారితే కూలికి పోవలసిన జనం తమ మాట తాము వింటారు. ఇప్పుడా బొమ్మల బదులు దీపాల గుడ్డలు, అంటే బల్ల దీపాలకు తొడిగే తోలు తొడుగులు, ఎక్కువగా అమ్ముడుపోతున్నాయి. దేవుళ్లూ నెమళ్లూ పూలూ. జుట్టుపోలిగాణ్ణి తొడుగు మీద వేయమని అడిగేవాళ్లు ఉన్నారా అని ఒక కళాకారుణ్ణి అడిగితే, "వాణ్ణెవరు కొంటారన్నా, నవ్వుతాడు గదా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ధర్మవరంలో దిగి ఆ కుర్రాడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. గుంట మగ్గంలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. కథ కాగితాలు ఉన్నాయా అని అడిగాను. "ఉన్నాయి సార్, మీరే గదా క్షుద్రమన్నారు" అన్నాడు, కోపం లేకుండా. తప్పన్నానని చెప్పాను. రెండో సగం గురించి నేను అనుకున్నదంతా చెప్పాను. అతను కాసేపు పన్నె కొట్టి, ఆగి, "శవం ఊరికే మాట్లాడి పోతే చాలదంటారు మీవాళ్లు" అన్నాడు. ఏమో, చాలునేమో చూద్దామన్నాను. మొదటి సగం ఉన్నదున్నట్టు, రెండో సగం మళ్లీ రాసి, వచ్చే నెల పంపుతానన్నాడు. డ్రాకులా పుస్తకం అతని దగ్గరే వదిలేసి వచ్చాను.